కంకర మీద మొదటి బండి

తిప్పేస్వామికి వచ్చిన కష్టం ఏమంటే, అతను అందరికంటే ముందున్నాడు.

పెన్నా ర్యాలీ మొదటి రోజు అది. రామగిరి గాలిమరల కొండల మీద పొద్దున్నుంచీ బండ్లు ఎర్రదుమ్ము లేపుతూ తిరుగుతున్నాయి. దేశంలో పేరున్న జట్లన్నీ వచ్చాయి. కొంకణ్ జట్టు ఆ ఏడే తెప్పించిన కొత్త బండిని దించింది. ఎక్కుడు దారిలో దాన్ని పట్టుకునే బండి లేదని అందరూ అనుకున్నారు. నీలగిరి జట్టుకు బండి పాతదే గానీ, దాన్ని తోలేవాడు వానలో కూడా గీత తప్పడని పేరు. అలాంటివాళ్ల నడుమ కదిరి కుర్రవాడు తిప్పేస్వామి మధ్యాహ్నానికే పట్టికలో మొదటి పేరు అయ్యాడు. కొంకణ్ వాళ్ల కొత్త బండికి పలుగురాళ్లు తగిలి రెండుసార్లు టైరు పోయింది. నీలగిరి వాడు ఒక బండను రాసుకుని చాలా వెనకబడ్డాడు.

సంతోషించాల్సిన సంగతే. కానీ తిప్పేస్వామి మొహం పన్ను సలుపుతున్నవాడి మొహంలా ఉంది.

ర్యాలీ తెలియనివారికి ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. ర్యాలీలో బండ్లన్నీ ఒకేసారి బయల్దేరవు. ఒకదాని వెనక ఒకటి, కాస్త ఎడంగా వదులుతారు. పక్క సీట్లో కో-డ్రైవరు తల వంచుకుని, ముందుగా రాసుకున్న మలుపుల వివరం, అంటే నోట్స్, చదువుతూ ఉంటాడు. ఆ మాట నమ్మి డ్రైవరు తోలుతాడు. ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లది గెలుపు. ఈ రోజు ముందున్నవాడు రేపు అందరికంటే ముందు బయల్దేరాలి.

చిక్కంతా అక్కడే ఉంది. గాలిమరల దారుల మీద తారు ఉండదు. గట్టినేల మీద శనగగింజంత కంకర పరుచుకుని ఉంటుంది. మొదటి బండి దాని మీద జారుతుంది. జారుతూనే కంకరను పక్కలకు చిమ్ముకుంటూ పోతుంది. వెనక వచ్చేవాళ్లకు గట్టినేల దొరుకుతుంది. అంటే మొదటివాడు పరుగు పందెంలో ఉంటూనే వెనకవాళ్లకు వాకిలి ఊడ్చిపెడతాడన్నమాట. ర్యాలీ వాళ్లు దాన్ని ఊడ్పు అనే అంటారు. ఊడ్పు పడినవాడికి రోజు ముగిసేసరికి పెద్ద నష్టమే.

తిప్పేస్వామి ఆ మధ్యాహ్నం తన గురువు దగ్గరికి వెళ్లాడు. గురువు పేరు ఖలందర్. రెండుసార్లు దేశానికే ఛాంపియను. తోలడం మానేసి కదిరిలో జట్టు పెట్టి, పిల్లలకు నేర్పుతున్నాడు. ఆయన్ను అందరూ ఉస్తాద్ అంటారు. ఈసారి మాత్రం ఉస్తాద్ కూడా తోలుతున్నాడు. జట్టు బహుమతి రావాలంటే మూడు బండ్లు చివరిదాకా నిలవాలి. మూడో డ్రైవరేమో వారం ముందు క్రికెట్ ఆడబోయి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. దాంతో ఉస్తాద్ అటక మీదున్న హెల్మెట్ దించి, షెడ్డులో ఉన్న పసుపురంగు పాత బండి బయటికి తీశాడు. పక్క సీట్లో ఆయన భార్య ఖైరూన్‌బీ కూర్చుంది. పెళ్లయిన కొత్తలో ఆమే ఆయనకు నోట్స్ చదివేది. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని చదువుతోంది, అంతే తేడా.

"ఉస్తాద్, ముందు పోయేవాడు వెనకోళ్లకు చాకిరీ చేసేదేనా? ఇదేం న్యాయం?" అన్నాడు తిప్పేస్వామి.

ఉస్తాద్ ఉగ్గాని తింటున్నాడు. పక్కనున్న పొట్లం అతని వైపు జరిపాడు.

"తిను రా. చల్లారితే బాగుండదు," అన్నాడు.

తిప్పేస్వామి తినలేదు. అతని బాధ ఉగ్గానితో తీరేది కాదు. టైర్ల కంపెనీ ఒకటి వచ్చే ఏడు ఈ జట్టుకు కొత్త బండి ఇస్తానంది. ఒక్కటే బండి. ఇప్పుడు తిప్పేస్వామీ, తోటి శిష్యురాలు నర్మదా తోలుతున్న జంట బండ్లూ ఆ కంపెనీవే, వాటిని వెనక్కి తీసుకుంటారు. పెన్నా ర్యాలీలో ఆ ఇద్దరిలో ఎవరు ముందుంటే కొత్త బండి వాళ్లది. రెండోవాళ్లకు బండి లేదు. సాయంత్రానికి నర్మద అతని వెనక నాలుగు సెకన్ల దూరంలో ఉంది. రేపు అతను దారి ఊడుస్తుంటే, ఊడ్చిన దారి మీద ఆమె హాయిగా వస్తుంది.

ఆ ఆలోచనతోనే అతను సాయంత్రం కొండ దిగి పెనుకొండ చేరాడు. ర్యాలీ మకాం అక్కడి కాలేజీ మైదానంలో ఉంది. మైదానం ముందర టైము గేటు. ప్రతి బండీ తనకిచ్చిన నిమిషానికి ఆ గేటు దాటాలి. ఆలస్యమైతే నిమిషానికి పది సెకన్ల కోత, అంటే పట్టిన సమయానికి అన్ని సెకన్లు కలుపుతారు.

గేటు కనిపిస్తుండగానే తిప్పేస్వామి బండి ఆపాడు.

పక్కనున్న చౌడప్ప తల ఎత్తాడు. చౌడప్ప అతనికి కో-డ్రైవరే కాదు, అక్క మొగుడు కూడా.

"ఏం బామ్మర్దీ, గేటు అక్కడుంటే ఇక్కడ ఆపితివే? ఒంటికి పోవాల్నా?"

"కాదు బావా. ఒక్క నిమిషం ఆలస్యంగా పోదాం. పది సెకన్లు కోత పడ్తాది. నర్మద మొదటికి వస్తాది, మనం ఆరు సెకన్లు వెనక పడ్తాం. రేపు దారి ఆమె ఊడుస్తాది. ఊడ్చిన దారిలో ఆరు సెకన్లు ఎంతసేపు, మొదటి కొండకే తీరిపోతాది."

చౌడప్ప కాసేపు ఆలోచించాడు. "మీ అక్క నిన్ను అమాయకుడంటాది," అని దిగి, వేరుశనక్కాయలు అమ్మే ముసలామె దగ్గర పొట్లం కొన్నాడు.

ఇంతలో నర్మద బండి వచ్చింది. గేటు వైపు సాగిపోతూ తిప్పేస్వామి బండి చూసి మెల్లబడింది. ఇంకాస్త మెల్లబడి రోడ్డుకు అవతలి పక్క ఆగింది. నర్మద హిందూపురం పిల్ల. లెక్కల్లో తిప్పేస్వామికంటే రెండాకులు ఎక్కువ చదివింది. హెల్మెట్ తీసి, నింపాదిగా జడ సర్దుకుంది.

"ఏమన్నా, గేటు మర్చిపోయినావా?"

"నువ్వు పోమ్మా ముందు. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేవు."

"నాకేం ఆకలి లేదు. పెద్దోడివి, నువ్వు ముందు పోతేనే మర్యాద."

"మర్యాదలన్నీ రేపు చూసుకుందాం. పో."

"పోదాంలే అన్నా. తొందరేముంది."

అతను ఎంత ఆలస్యం చేస్తే ఆమె అంత ఆలస్యం చేయడానికి సిద్ధపడింది. ఆమె కదిలితే తప్ప తను కదలనని అతనూ అనుకున్నాడు. ఒక నిమిషం పోయింది. ఇంకొకటి పోయింది. చుట్టూ జనం చేరారు. ఎవరో ఈల వేశారు. శనక్కాయల ముసలామె గంప పక్కకు జరుపుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"కొత్తకోడండ్లు ఇద్దరూ ఒకే గడప కాడ నిలబడినట్టుందే. ఎవురో ఒకరు కుడికాలు పెట్టండమ్మా, చూసే మాకు కాళ్లు నొస్తాండాయి," అంది.

జనం నవ్వారు. నర్మద తమ్ముడు, ఆమెకు నోట్స్ చదివేవాడు, బండిలోనే మొహం దాచుకున్నాడు.

ఆ సమయానికి పసుపు బండి గడగడలాడుతూ వచ్చింది. రెండు బండ్ల నడుమ ఆగింది. ఖైరూన్‌బీ తల బయటికి పెట్టింది.

"ఏం నాయనా, రెండు బండ్లూ చెడిపోయినాయా?"

"టైర్లో గాలి తగ్గినట్టుందమ్మా," అన్నాడు తిప్పేస్వామి.

ఆమె నర్మద వైపు చూసింది.

"మాది కూడా," అంది నర్మద.

ఉస్తాద్ దిగాడు. తిప్పేస్వామి బండి ముందర గొంతుక్కూర్చుని, సంతలో మామిడిపండు చూసినట్టు బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. టైరు రాయిలా ఉంది.

"అవును," అన్నాడు. "బాగా మాగింది."

లేచి నర్మద బండి టైరు కూడా అలాగే నొక్కాడు. వాసన చూశాడు. "ఇది ఇంకో రెండు రోజులు పెట్టాల," అన్నాడు.

నర్మద పెదవి కొరుక్కుని నేల చూపులు చూసింది. ఉస్తాద్ చేతిగడియారం చూసుకున్నాడు.

"మా నిమిషం వచ్చె. మేం పోతాం," అని బండి ఎక్కి, గేటు దాటి వెళ్లిపోయాడు.

పసుపు బండి మైదానంలోకి మలుపు తిరిగాక, చౌడప్ప నోట్లో వేసుకోబోతున్న శనక్కాయను వెనక్కి తీశాడు.

"బామ్మర్దీ. ఉస్తాద్ మనకంటే ఎంత వెనకుండాడు?"

"నలభై సెకన్లు."

"మనం ఇక్కడ నిలబడి ఎంతసేపాయె?"

తిప్పేస్వామి గడియారం చూసుకున్నాడు. ఐదు నిమిషాలు దాటిపోయింది, అంటే యాభై సెకన్ల కోత. బండిలోకి దూకాడు. నర్మద కూడా అతనంత ఆలస్యంగానే అతని వెనక గేటు దాటింది. ఇద్దరికీ సమానంగా కోత పడింది.

దీపాలు పెట్టే వేళకు మైదానంలో పట్టిక కట్టారు. మొదటి పేరు ఖలందర్. రెండోది తిప్పేస్వామి. మూడోది నర్మద. కొంకణ్ జట్టు మేనేజరు ఆ పట్టిక చదివి, కుర్చీలో కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కొత్త బండ్లూ, కొత్త ఇంజన్లూ చూసుకుంటూ వచ్చినవాళ్లంతా పసుపు బండి చుట్టూ చేరి ఫోటోలు దిగారు.

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు ఉస్తాదే.

"ఏం బీబీ, ఇది మనమేనా?"

"మనమే. పేరు కూడా తప్పులేకుండా రాసినారు."

ఉస్తాద్ మైదానంలో ఉన్న జట్లన్నిటికీ జిలేబీ తెప్పించాడు. తిప్పేస్వామి తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"తప్పయింది ఉస్తాద్."

"తప్పేం రా, మాగిన టైరు కోసుకు తినాలంతే," అని ఉస్తాద్ అతని చేతిలో జిలేబీ పెట్టాడు.

రెండో రోజు పొద్దున పసుపు బండి మొదట బయల్దేరింది. దాని వెనక తిప్పేస్వామి. ఎంత నవ్వులపాలైనా కోరుకున్నది దొరికిందని అతను లోపల్లోపల సంతోషపడుతూనే ఉన్నాడు. ముందర ఊడ్చిన దారి. ఉస్తాద్ చక్రాలు పోయినచోట రెండు శుభ్రమైన గట్టి గీతలు కనిపిస్తున్నాయి. వాటి మీద బండి పెడితే రైలు పట్టాల మీద పెట్టినట్టుంది.

మూడు నాలుగు మలుపులు అలా గడిచాక అతనికి ఒక సంగతి వింతగా తోచింది.

గాలిమరల వాళ్ల లారీలు తెల్లవారేదాకా ఆ దారుల్లో తిరుగుతాయి. వాటి చక్రాలు మలుపుల్లో కంకరను తోసి అక్కడక్కడా కుప్పలు చేసి పోతాయి. ముందే రాసుకున్న నోట్స్‌లో ఆ కుప్పలుండవు. ఇక్కడ మలుపులో కుప్ప ఉండిన గుర్తు కనిపిస్తోంది. లోపలి అంచున బండి పట్టేంత జాగా కూడా ఉంది. ఉస్తాద్ చక్రాల గీతలు ఆ జాగాలోకి పోలేదు. తిన్నగా కుప్ప మధ్యలోకి పోయాయి. కుప్ప చెదిరి అటూ ఇటూ పడి ఉంది.

వయసైపోయింది పాపం, బండి అదుపులో ఉండటం లేదు అనుకున్నాడు తిప్పేస్వామి. తర్వాతి మలుపులోనూ అదే. ఆ తర్వాత ఒక దిబ్బ దాటి కిందికి దిగే చోటా అదే. మలుపు తప్పినవాడి గీత వంకరగా ఉంటుంది. ఈ గీత పొలంలో నాగటిచాలులా తిన్నగా ఉంది.

మధ్యాహ్నం బండ్లు ఆగినచోట ఖైరూన్‌బీ నడుం మీద చేతులు పెట్టుకుని వంగింది.

"నిన్న ఉయ్యాల్లో వేసి ఊపినట్టు తోలినాడు. ఈ పొద్దు రోట్లో వేసి దంచుతాండాడు. ఏమైంది మీ ఉస్తాద్‌కు, మీరన్నా అడగండి."

తిప్పేస్వామి అడిగాడు. "ఉస్తాద్, మలుపుల్లో లోపలి పక్క జాగా ఉండె గదా. కుప్పల మీదికి ఎందుకు పోయినారు?"

"జాగా ఉండెనా?" అన్నాడు ఉస్తాద్ మిరపకాయ బజ్జీ తుంచుతూ. "నేను చూసుకోల్యా. నువ్వు బాగా చూస్తాండావే." సగం బజ్జీ అతని పొట్లంలో పెట్టి, నర్మద దగ్గరికి వెళ్లి ఆమె బ్రేకులు ఎలా పనిచేస్తున్నాయో అడగసాగాడు.

తిప్పేస్వామి చేతిలో బజ్జీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"బావా. ఆ దిబ్బ దాటినాక దిగుడు మలుపు. నోట్స్‌లో ఏం రాసుకున్నాం?"

"దిబ్బ. కాలు తియ్యొద్దు. ఎడమకు దిగుడు." చౌడప్ప చూడకుండానే చెప్పాడు.

"అక్కడ కుప్ప ఉండింది."

చౌడప్ప నమలడం ఆపాడు. దిబ్బకు ఇవతల నుంచి అవతలిది కనిపించదు. యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యకుండా వచ్చే బండికి ఆ దిగుడులో కంకర కుప్ప తగిలితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. వాళ్లు వచ్చేసరికి ఆ కుప్ప చెదిరి ఉంది.

"బజ్జీ తిను బామ్మర్దీ," అన్నాడు చౌడప్ప కాసేపటికి. అతని గొంతు మెత్తగా ఉంది.

సాయంత్రానికి లెక్కలు మళ్లీ మారాయి. కుప్పల మీద తోలిన ఉస్తాద్ మూడో స్థానానికి దిగాడు. తిప్పేస్వామి మొదటికి వచ్చాడు. నర్మద మూడు సెకన్లు వెనక. కొంకణ్ కొత్త బండి ఆ రోజు ఉరికురికి వచ్చినా, మొదటి రోజు పోయిన టైర్ల నష్టం పూడ్చుకోలేకపోయింది.

టైము గేటు దగ్గర ముందే జనం చేరారు. శనక్కాయల ముసలామె ఇంకో గంప కూడా తెచ్చుకుంది. చెట్టు కింద మంచి చోటు చూసుకుని కుర్రాళ్లు కూర్చున్నారు. తిప్పేస్వామి బండి వచ్చింది. అందరూ మెడలు చాచారు.

బండి తన నిమిషానికి గేటు దాటి లోపలికి పోయింది. వెనక నర్మద బండి వచ్చింది. అది కూడా తన నిమిషానికి లోపలికి పోయింది.

"పొండప్పా, ఈ పొద్దు ఆట ల్యా," అంది ముసలామె.

మూడో రోజు, ఆఖరి రోజు, తిప్పేస్వామి అందరికంటే ముందు బయల్దేరాడు.

ముందు ర్యాలీ బండ్ల గీతలేవీ లేవు. రాత్రంతా తిరిగిన లారీల కింద కంకర మళ్లీ పరుచుకుని, చాపలా ఉంది. గాలిమరల రెక్కల నీడలు దారి మీద ఒకదాని తర్వాత ఒకటి దాటుతున్నాయి. కౌజుపిట్టల గుంపు ఒకటి దారి మధ్యలో దుమ్ము స్నానం చేస్తోంది. ఇంజను మోత వినగానే తుర్రుమని లేచింది. బండి మొదటి మలుపులోనే జారింది. రెండో మలుపులో ఇంకా జారింది. పట్టుకుంటే పట్టు దొరకదు. ఎక్కడ చక్రం పెట్టాలో చెప్పడానికి చౌడప్ప గొంతు తప్ప ఇంకేమీ లేదు. సబ్బునీళ్లు పోసిన బండల మీద చిన్నప్పుడు జారి ఆడుకున్నట్టుంది తిప్పేస్వామికి. అతనికి తెలియకుండానే నవ్వు వచ్చింది.

"బామ్మర్దీ, నవ్వుతాండావా, ఏడుస్తాండావా? తల ఎత్తితే నోట్స్ తప్పిపోతాది, నేను చూడకూడదు."

"నవ్వుతాండా బావా."

"సరే అయితే. కుడికి ఎక్కుడు. పొడుగు. నవ్వుకుంటానే పో."

ఊడ్పు తన వసూలు తాను చేసుకుంటూనే ఉంది. అయినా అతను బాగా తోలాడు. అంత బాగా ఎప్పుడూ తోలలేదు. ఆఖరి కొండ ఎక్కేముందు కూడా నర్మదకంటే ఒక్క సెకను ముందే ఉన్నాడు.

ఆఖరి కొండ మీద ఒక దిబ్బ ఉంది. దిబ్బ దాటగానే కల్వర్టు, దాని మీదే ఎడమ మలుపు. కుడిపక్క లోయ. చౌడప్ప చదివాడు.

"దిబ్బ. కాలు తియ్యొద్దు. కల్వర్టు. ఎడమ."

దిబ్బ మీద బండి తేలికైంది. దిగీ దిగగానే తిప్పేస్వామికి కల్వర్టు మీద మోకాలెత్తు కంకర కుప్ప కనిపించింది. ఎడమ అంచున, కట్ట పక్కన, బండి సరిపోయేంత జాగా ఉంది. అతను ఎడమ అంచు వెంబడే వస్తున్నాడు. అలాగే పోతే చాలు.

అతను కాలు తీశాడు. బ్రేకు నొక్కి, స్టీరింగు కుడికి తిప్పి, కుప్ప మధ్యలోకి పోనిచ్చాడు.

బండి కింద వడగళ్లు కురిసినట్టు మోత. ముక్కు పక్కకు తిరిగింది. వెనక చక్రాలు కుప్పను చీల్చుకుంటూ అడ్డంగా ఊడ్చుకుంటూ పోయాయి. కంకర సగం కట్ట మీద, సగం లోయలో పడింది. బండి దాదాపు ఆగి, మళ్లీ కదిలింది.

"ఏమాయె?" అన్నాడు చౌడప్ప తల ఎత్తకుండా.

"ఏంల్యా బావా. చదువు."

కొండ దిగి మైదానంలోని గమ్యం చేరాక తిప్పేస్వామి బండి బానెట్ మీద కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. నర్మద బండి వచ్చి ఆగింది. ఆమె హెల్మెట్ చేత్తో పట్టుకుని నేరుగా అతని దగ్గరికి నడిచింది.

"అన్నా, కల్వర్టు మీద కుప్ప ఉండిందా?"

"ఉండె."

"నోట్స్‌లో లేదు."

"ల్యా."

ఆమె వచ్చిన కొండ దారి వైపు తిరిగి చూసింది. వెనక ఆమె తమ్ముడు బండి దిగి, కాళ్లు చాపుకుని నేల మీదే కూర్చున్నాడు.

"నేను అక్కడ కాలు తియ్యకుండా వచ్చినా అన్నా."

"తెలుసు," అన్నాడు తిప్పేస్వామి. "నువ్వు తియ్యవు." నీళ్ల సీసా ఆమె చేతికిచ్చాడు.

పట్టిక వచ్చింది. నర్మద రెండు సెకన్లు ముందుంది. పెన్నా ర్యాలీ ఆమెది. కొత్త బండి ఆమెది. మూడు బండ్లూ చివరిదాకా నిలిచాయి గనుక జట్టు బహుమతి ఖలందర్ ఉస్తాద్ జట్టుకే వచ్చింది. కంపెనీ ఆయన పూలదండ పట్టుకుని నర్మద కోసం చూస్తున్నాడు. ఆమె తిప్పేస్వామి దగ్గర నిలబడి కదలడం లేదు.

"నేను పోయి కల్వర్టు సంగతి చెప్తా."

"ఏం చెప్తావు? ముందు పోయినోడు ఊడ్చినాడని చెప్తావా? నవ్వుతారు. పో, ఫోటో తీస్తాండారు. జడ సర్దుకో."

ఆమె వెళ్లింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లింది.

చౌడప్ప వచ్చి బానెట్ మీద పక్కన కూర్చున్నాడు. "రెండు సెకన్లు బామ్మర్దీ. తుమ్మితే అంతకంటే ఎక్కువ పడ్తాది. మీ అక్కకు ఏమని చెప్పాల?"

"తుమ్మినాడని చెప్పు బావా."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. అటు పోతున్న కొంకణ్ మేనేజరు, ఓడినవాళ్లు ఎవరో గెలిచినవాళ్లు ఎవరో అర్థంకాక ఆగి చూశాడు.

నవ్వు అయ్యాక తిప్పేస్వామి తన బండి వైపు చూశాడు. కంపెనీ వాళ్లు దాన్ని తీసుకుపోవడానికి అప్పుడే లారీ వెనక్కి తెస్తున్నారు. అతను లోపల ఉన్న తువ్వాలూ చెప్పులూ బయటికి తీసుకున్నాడు. స్టీరింగు మీద ఒకసారి చెయ్యి పెట్టి తలుపు వేశాడు.

వెనక ఎవరో నిలబడినట్టు తోచి తిరిగాడు. ఉస్తాద్. మూడో బండిగా ఆ కల్వర్టు మీదుగానే వచ్చాడాయన. ఆయన ఒళ్లంతా ఎర్రదుమ్ము. కనుబొమలు కూడా ఎర్రగా ఉన్నాయి. ఏదైనా అంటాడేమోనని తిప్పేస్వామి చూశాడు. ఉస్తాద్ జేబులోంచి పసుపు బండి తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇంటికి నువ్వు తోలు."

"మీరు?"

ఉస్తాద్ చుట్టూ తిరిగి వెళ్లి, ఎడమ తలుపు తెరిచి, పక్క సీట్లో కూర్చున్నాడు.

మైదానంలో ఉన్న జట్టువాళ్లంతా చేస్తున్న పని ఆపారు. ఖలందర్ ఉస్తాద్ ఇంకొకరు తోలే బండిలో కూర్చోవడం ఎవరూ చూడలేదు. పెళ్లిళ్లకు పోయినా ఆయనే తోలేవాడు. బస్సు ఎక్కితే డ్రైవరు వెనక నిలబడి, ఊరు వచ్చేదాకా కుడికాలితో ఉత్తుత్తి బ్రేకులు వేసేవాడని ఖైరూన్‌బీ చెప్పి నవ్వుతుంది. ఇప్పుడు ఆమె నవ్వలేదు. దగ్గరికి వచ్చి ఆయన బెల్టు సరిచేసింది.

"నేను వ్యాన్లో పోతా నాయనా," అంది తిప్పేస్వామితో. "నా నడుం ఇంక నా మాట వినదు. ఈయన్ను భద్రంగా తీసుకుపో."

"వచ్చే ఏడు కూడా ఈ పక్కే బాగుంటాది నాకు," అన్నాడు ఉస్తాద్, సీటు వెనక్కి జరుపుకుంటూ. "కాళ్లు చాపుకోడానికి జాగా ఉండాది."

తిప్పేస్వామి చేతిలో తాళంచెవి ఉంది. అతను దాన్ని వెంటనే పెట్టలేకపోయాడు. కాస్త కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత బండి కదిలించాడు.

పెనుకొండ దాటి గోరంట్ల దారి పట్టారు. మధ్యాహ్నపు ఎండ వాలుతోంది. ఏదైనా చెబుతాడేమోనని తిప్పేస్వామి పక్కకు చూశాడు. ఉస్తాద్ తల సీటుకు ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. రెండు చేతులూ ఒళ్లో వదులుగా పడి ఉన్నాయి. పెనుకొండ పొలిమేర దాటకముందే ఆయన నిద్రపోయినట్టున్నాడు.

తిప్పేస్వామి గుంతలు తప్పిస్తూ, బండి కుదపకుండా, ఎద్దులబండి కంటే కొంచెం వేగంగా పోనిచ్చాడు.

గోరంట్ల ఇవతల దారికి అడ్డంగా గొర్రెలమంద వచ్చింది. పెద్ద మంద. తిప్పేస్వామి ఇంజను ఆపేశాడు. హారను మీదికి చెయ్యి పోనివ్వలేదు. గొర్రెలు బండికి రెండు పక్కలా రాసుకుంటూ నింపాదిగా పోతున్నాయి.

భుజాన గొంగడి వేసుకున్న కాపరి దగ్గరికి వచ్చి, తలుపు మీది అంకెలూ రంగురంగుల కాగితాలూ చూశాడు.

"ఏం సామీ, రేసు బండి మాదిరి ఉండాది. ఇంత మెల్లగా పోతాండావే?"

తిప్పేస్వామి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"మా ఉస్తాద్ నిద్రపోతాండాడు," అన్నాడు గుసగుసగా.